బాబాయి సీటు కింద కంప్యూటర్

మా బాబాయికి ఈమధ్య వినికిడి బాగా తగ్గింది. ఇక కారు తీయొద్దని పిన్ని గొడవ. వాళ్ళమ్మాయి సునీత ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. తనే ఒక చిన్న కంప్యూటర్ తయారుచేసి ఆయన కారులో సీటు కింద అమర్చింది. బంపర్ లోపలి మైకుకు హారనో సైరనో వినబడితే, స్పీడు మీటర్ పక్కన చిన్న నీలం లైటు వెలుగుతుంది. బయటకు ఒక్క వైరు కూడా కనబడదు. "కారెక్కినవాళ్ళకి నా చెవుల సంగతి తెలియకూడదమ్మా" అన్నారట బాబాయి. పిన్నికి మాత్రం దానిమీద నమ్మకం లేదు.

ఈ రోజు బాబాయి, పిన్ని, నేను రాజమండ్రి నుంచి పిఠాపురం వెళ్ళాం. అద్దాలు మూసి, పాటలు పెట్టుకున్నాం. ఉన్నట్టుండి బాబాయి కారు పక్కకు తీసి ఆపేశారు.

"ఏమైందండీ?" అంది పిన్ని కంగారుగా.

అప్పుడు వినబడింది మాకు సైరన్. అంబులెన్స్ మమ్మల్ని దాటి దూసుకుపోయింది. సునీత పనితనానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పిన్ని ముందుకు వంగి ఆ నీలం లైటు చూసింది. తర్వాత మెల్లగా, "రేపు ఆత్రేయపురం మా అక్కయ్య దగ్గరికి తీసుకెళ్తారా?" అంది.

"ఏంటీ? వినబడలేదు, మళ్ళీ చెప్పు" అన్నారు బాబాయి.

ఆయనకు మొదటిసారే వినబడిందని నా అనుమానం. మీరేమంటారు?