మస్తాన్ గారి కార్బన్ కాపీ

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. లెక్కలు చెప్పుకునేదాన్ని, ఋజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను. అందుకే ఇది చెప్పాలంటే ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రత్తిపాడు దగ్గర ఓ డిగ్రీ కాలేజీలో పనిచేసేదాన్ని. అప్పుడే కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకోవాలి, తోటి లెక్చరర్లకు నేర్పాలి, నా క్లాసులు నేను చెప్పుకోవాలి. ఆ పదవికి పేరేమిటో ప్రిన్సిపాల్ గారికే తెలియదు. అందరూ "కంప్యూటర్ మేడమ్" అనేవారు. నాకేమో ఎక్కడలేని హుషారు! మార్కుల రిజిస్టర్లు దండగని పోట్లాడి, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. పాత పుస్తకాలు చిత్తుకాగితాల వాళ్ళు పట్టుకెళ్ళారు.

దాంతో ఆఫీసు టైపిస్టు మస్తాన్ గారికి పని తగ్గిపోయింది. ఏది కొట్టినా కింద కార్బన్ పెట్టి ఒక కాపీ బీరువాలో దాచడం ఆయన అలవాటు. నేను ఎగతాళి చేసేదాన్ని.

"ఉండనివ్వండమ్మా, దానికేమన్నా తిండి పెట్టాలా?" అని నవ్వేవారు.

ఆ ఏడు మొదటి ఇంటర్నల్ పరీక్షలు అయ్యాక గుండెపోటుతో పోయారు. ఆయన గదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

దసరా సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆయుధపూజ చేశాం. దుమ్ము దులపడానికి మూత తీసి ఉన్న మెయిన్ కంప్యూటర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందే కొబ్బరికాయ కొట్టాం. నీళ్ళు చింది లోపల పడ్డాయి. చూసుకోకుండా స్విచ్ వేశాను. టప్‌మంది, అంతే.

ఫైనలియర్ పిల్లల ఇంటర్నల్ మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. మర్నాడు యూనివర్సిటీకి అందకపోతే అరవై మందికి ఏడాది పోతుంది. దిద్దిన పేపర్లు పిల్లలకే ఇచ్చేశాం. వాళ్ళేమో అప్పటికే బస్సులెక్కి ఊళ్ళకు పోయారు.

"రిజిస్టర్లు తీయించింది నువ్వే కదమ్మా! ఇప్పుడెట్టా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మొదటి పరీక్ష మార్కులు నోటీసుబోర్డు కోసం మస్తాన్ గారే కొట్టారు, అవైనా దొరుకుతాయేమోనని ఆయన గది తీశాను. బీరువాలో ఆ కాపీ ఉంది. దాని కింద రెండో పరీక్షది కూడా ఉంది.

రెండో పరీక్ష జరిగేనాటికి ఆయన పోయి రెండు నెలలు.

ఆయన టైపు మిషను మీద ఏడు అంకె కాస్త పైకి పడేది. ఇందులోనూ అలాగే పడింది. మిషను మీద చూస్తే చెయ్యి పడని దుమ్ము. ఒళ్ళు జలదరించింది. భయం కాదు, దణ్ణం పెట్టాలనిపించింది. చెప్పులు బయట విడిచొచ్చి నిలబడ్డాను.

నా క్లాసులో గుర్తున్న మార్కులన్నీ సరిపోయాయి. ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత "పంపించేద్దాం" అన్నారు.

సెలవులయ్యాక గుంటూరులో ఒకాయన కాలిన ఆ కంప్యూటర్ డిస్కులోంచి మార్కులు బయటికి తీసిచ్చాడు. వరసగా పోల్చి చూశాను. ఒక్క అమ్మాయికి తప్ప అందరివీ కలిశాయి. నా కంప్యూటర్లో ఆమెకు తొమ్మిది, కాపీలో పందొమ్మిది. ఆమె పేపరు తెప్పించి చూశాను. పందొమ్మిదే. ఎక్కించేటప్పుడు ఒక అంకె వదిలేసింది నేనే.

ఆ కాగితం ఎవరు కొట్టారో, మూసిన గదిలోకి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు కంప్యూటర్ కాలిపోకుండా ఉంటే, ఆ పిల్లను నేను ఫెయిల్ చేసి ఉండేదాన్ని. ఆ సంగతి నాకు తెలిసేది కూడా కాదు.