రంగు చూసి కట్టిన ఈకలు

ఈకలు ఆరబెట్టినప్పుడు పక్కనుంచి కదలొద్దని కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పేది నేనే. ఆరోజు వాటిని వదిలేసి, కవర్లు అంటించే టేపు కోసం చెక్‌పోస్టు దగ్గరి షాపు దాకా వెళ్లిందీ నేనే.

ఫిల్మ్‌నగర్‌లో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో సినిమాలకు కాస్ట్యూములు కుట్టే మాస్టారు ఉంటారు. వలస బాతులు ఎక్కడ పుట్టాయో కనుక్కోవడం నా పని. పిల్లబాతుకు ఈక పెరిగేటప్పుడు అక్కడి నీటి గుర్తు అందులో ఉండిపోతుంది. ల్యాబ్‌వాళ్లు అది చూసి చెబుతారు. ఆ చలికాలం ఊరి బయట రెండు చెరువుల్లో వలలకు చిక్కి చచ్చిన పిల్లబాతుల ఈకలు తెచ్చాను. కాపలా ఒక్క చెరువుకే పెట్టగలమన్నారు అధికారులు. ఉత్తరాన పుట్టే, ఏటా తగ్గిపోతున్న బాతులు ఏ చెరువులో దిగుతున్నాయని తేలితే దానికే పెడతామన్నారు.

పంపే ముందు తేమ పోవాలని డాబా మీద ఏ కవరు ఈకలు ఆ కవరు మీదే పరిచాను. చెరువు పేరు కవరు మీద ఉంది. ఈక కాడ మీద కూడా నంబరు వేయాలి. బద్ధకించాను.

తిరిగొచ్చేసరికి మాస్టారు డాబా మీద తృప్తిగా చేతులు దులుపుకుంటున్నారు. కవర్లన్నీ ఖాళీ. పక్కన దారంతో కట్టిన ఈకల కట్టలు.

"గాలికి ఎగిరిపోతున్నయి మేడం. అన్నీ ఏరిన. కుడి రెక్కవి గీడ, ఎడమవి గాడ. రంగు, పొడుగు చూసి జత చేసిన. జర చూడుండ్రి, ఎంత మంచిగ కుదిరినయో!"

కిరీటాలకైనా రెక్కలకైనా ఆయన ముందు చేసే పని అదే. "ఎవరు చేయమన్నారండీ మిమ్మల్ని?" అని అరిచాను. ఆయన మొహం పాలిపోయింది. సిగ్గేసింది, అయినా కోపం తగ్గలేదు. తప్పు నాది కాబట్టే తగ్గలేదేమో.

కట్టలు విప్పి భూతద్దంతో సాయంత్రం దాకా కూర్చున్నాను. అన్నీ ఒకే జాతి, ఏ ఈక ఏ చెరువుదో తేలలేదు. మాస్టారు టీ తెచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

అంతలో ఆఫీసరుగారి ఫోను. "శాంపిళ్లు ఏ చెరువువి ఆ చెరువుగా పంపేశారు కదమ్మా?"

సగం సగం పంచి పేర్లు రాసేస్తే ఎవరికీ తెలియదు. అవునన్న మాట నోటిదాకా వచ్చింది.

"లేదండీ. కలిసిపోయాయి."

"అయితే ఈ ఏడాది కాపలా లేనట్టే," అని పెట్టేశారు.

"అవి యాడ పుట్టినయో ఇగ తెల్వదా మేడం?" మాస్టారు భయంభయంగా అడిగారు.

"పుట్టిన చోటు ల్యాబ్ చెబుతుంది మాస్టారూ. చచ్చిన చోటు చెప్పాల్సింది నేను."