మైకు ప్రకాశరావు మాట

హెలెన్ మార్కాపురంలో కంభం రోడ్డు మీద, మందుల దుకాణం పైనున్న గది అద్దెకు తీసుకుని స్పీచ్ థెరపీ అని బోర్డు పెట్టింది. మొదటి నెలలో మెట్లెక్కి వచ్చినవాళ్లు నలుగురు. ఇద్దరు మందుల దుకాణం పైనే ఉందనుకుని వచ్చారు. ఒకామె ఇక్కడ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిస్తారా అని అడిగి వెళ్లింది. నాలుగో మనిషి కరెంటు మీటరు చూడటానికి వచ్చాడు.

ఆమెది త్రిపురాంతకం దగ్గర పల్లె. నాయన ఏబేలు, అమ్మ రత్నమ్మ మిరప చేలల్లో కూలికి పోయి ఆమెను చదివించారు. హైదరాబాదులో నాలుగేండ్లు చదివి, అక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో రెండేండ్లు పనిచేసి, మన వైపు ఈ పని చేసేవాళ్లు లేరు గదా, మనవాళ్లకే చేద్దామని వచ్చేసింది. చేసేవాళ్లు లేకపోవడం వల్ల ఇట్లాంటి వైద్యం ఒకటుందనే సంగతి కూడా జనానికి తెలియదని వచ్చిన తర్వాతగానీ ఆమెకు అర్థం కాలేదు. మాట రాని పిల్లకు తాయెత్తు కట్టిస్తారు, నాలుకకు తేనె రాస్తారు, బడికి పోతే అదే వస్తుందిలే అనుకుంటారు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషినైతే మంచం మీద పెట్టి, ఇక ఆయన ముందర ఆయన గురించే మాట్లాడుకుంటారు.

పేపర్లో ప్రకటన వేయించే స్తోమత లేదు. కింద మందుల దుకాణం వాళ్లను బతిమాలి, వాళ్ల కాగితపు కవర్ల మీద తన పేరు, ఫోను నంబరు రబ్బరు స్టాంపుతో వేసుకోవడానికి ఒప్పించింది. రోజూ పొద్దున్నే షట్టరు తీసేసరికి వచ్చి, బల్ల చివర కూర్చుని కవర్లన్నిటికీ ముద్ర వేసేది. వేళ్లకు అంటిన ఊదా రంగు అన్నం కలిపేటప్పుడు కూడా పోయేది కాదు. పలకల ఫ్యాక్టరీ వాళ్లు అంచు విరిగినవి ఊరికే ఇస్తే, వాటి మీద తెల్ల పెయింటుతో “మీ బిడ్డకు రెండేండ్లు దాటినా మాట రాలేదా?” అని రాసి అంగన్‌వాడీ కేంద్రాల్లో తగిలించింది. చర్చిలో ప్రార్థన అయిపోయాక పాస్టరుగారు రెండు ఆదివారాలు ఆమె సంగతి చెప్పారు. అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ రాలేదు.

అప్పుడు వెళ్లింది మైకు ప్రకాశరావు దగ్గరికి.

ప్రకాశరావు గొంతు తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. అంకయ్య ఆటో పైన రెండు హారన్లు కట్టించి, లోపల మైకు పట్టుకుని ముప్పై ఏండ్లుగా వీధి వీధీ తిరిగిన మనిషి. చీరల డిస్కౌంటుకు ఒక గొంతు, కంటి శిబిరానికి ఒక గొంతు, తప్పిపోయిన పిల్లలకు ఒక గొంతు, చావు కబురుకు ఇంకో గొంతు. మిగతా ఆటోలన్నీ రికార్డు చేసిన మాటలకు మారిపోయినా ఆయన మాత్రం నోటితోనే చెప్పేవాడు. ఎవరైనా గడపలో కనబడితే మధ్యలో ఆపి వాళ్లనూ పలకరించేవాడు.

హెలెన్ రాసుకొచ్చిన కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివాడు.

“ఏంది పాపా ఇది? మాటలు నేర్పించే దుకాణమా?”

“అట్లాంటిదే చిన్నాయనా.”

“వాక్ శ్రవణ లోపాలు అంటే ఎవరికి తెలుస్తాది? నేను చెప్తా విను.” కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మీ పిల్లోడు మూడేండ్లొచ్చినా అమ్మా అని పిలవలేదా? నత్తి వల్ల నలుగురిలో నోరు తెరవాలంటే సిగ్గా? అది తలరాత కాదు తల్లీ. కంభం రోడ్డులో హెలెన్ మేడమ్ ఉంది, ఒకసారి మెట్లెక్కి చూడండి.”

ఆ వారంలోనే ముగ్గురు పిల్లలు వచ్చారు. ఆ తర్వాత ప్రతి శనివారం, ఏ ప్రకటన చెప్తున్నా దాని మధ్యలో హెలెన్ మాట ఒకటి ఇరికించేవాడు. డబ్బులివ్వబోతే, “నిమిషం మాటకు లెక్కేందిలేమ్మా” అని చేత్తో అవతలికి తోసేవాడు. ఆరు నెలల్లో ఆమె గదిలో బెంచీ చాలక కింద చాప పరవాల్సి వచ్చింది.

ఉగాది అయిన వారానికి, దోర్నాల రోడ్డులో మధ్యాహ్నం పూట చెప్తూ చెప్తూ ఆయన ఆగిపోయాడు. వైరు ఊడిందేమోనని అంకయ్య వెనక్కి తిరిగి చూశాడు. ప్రకాశరావు మైకు పట్టుకునే ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది.

గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. నెలన్నర తర్వాత ఆయన భార్య రాధాకుమారి, అంకయ్య చెరో పక్క పట్టుకుని ఆయనను హెలెన్ గదికి తెచ్చారు. కుడి చెయ్యి వేలాడుతోంది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. నోట్లోంచి మాత్రం ఒక్క మాటే వస్తుంది, ముప్పై ఏండ్లు మైకులో ప్రకటన మొదలుపెట్టిన “ప్రజలకు.” నీళ్లు కావాలన్నా “ప్రజలకు”, కోపమొచ్చినా “ప్రజలకు”, భార్యను పిలిచినా అదే.

“మొదట్లో నవ్వొచ్చేదమ్మా,” అంది రాధాకుమారి. “ఇప్పుడు నవ్వు రావడం లేదు.”

హెలెన్ ఆయనను రోజూ రమ్మంది. అంకెలు లెక్కపెట్టించింది. వారాల పేర్లు చెప్పించింది. ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేయిస్తూ మాటను పాటలాగా సాగదీయించింది. ఆయనకు రాగం కట్టి చెప్పడం ముందునుంచీ అలవాటే కాబట్టి ఆ దారిన మాటలు ఒక్కొక్కటే రాసాగాయి. నీళ్లు. కుమారి. వద్దు. దసరా నాటికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి. మధ్య మధ్య ఆగిపోయేవాడు, ఒక్కోసారి మాట మారిపోయి పాత “ప్రజలకు” దొర్లేది. ఆయనకు మాత్రం తను బాగానే చెప్పినట్టు ఉండేది. చెప్పేసి, ఎట్లుంది అన్నట్టు ఆమె మొహంలోకి చూసేవాడు. ఇట్లాంటి రోగులకు తమ తప్పు తమ చెవికి సరిగా ఆనదని హెలెన్ చదువుకుంది. ఎంతవరకు మెరుగైందో చూసుకోవడానికి ఆయన గొంతు ఫోనులో రికార్డు చేసుకునేది గానీ, ఒక్కసారి కూడా ఆయనకు వినిపించలేదు.

ఆ లోపల ఆమె గది మళ్లీ పలచబడింది. పాత పిల్లలకు మాటలొచ్చి వెళ్లిపోతున్నారు. కొత్తవాళ్లకు చెప్పే గొంతు వీధుల్లో లేదు. గది ఖాళీ చేసి మళ్లీ హైదరాబాదు పోవాల్సిందేనా అని దిగులు పడుతున్న రోజుల్లో ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. మాట పడిపోయిన మైకు ప్రకాశరావే వచ్చి మళ్లీ మైకులో చెప్తే, అంతకంటే పెద్ద ప్రచారం ఏముంటుంది? ఖర్చు కూడా లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా, ఆ ఆలోచన ఇంకెవరిదో అని నెట్టెయ్యడానికి ఆమెకు కుదరలేదు.

“చిన్నాయనా, మైకులో మళ్లీ చెప్తావా? నా కోసం.”

ఆయన కిటికీలోంచి కింద ఆగి ఉన్న అంకయ్య ఆటోను చూశాడు. తర్వాత తల ఊపాడు.

“వద్దులేమ్మా,” అంది రాధాకుమారి. “ఇంట్లో నాతో మాట్లాడుతున్నాడు. నాకు అంతే చాలు.”

“నాలుగు ముక్కలే చిన్నమ్మా. బాగా వచ్చినాకే పోదాం.”

ఇరవై రోజులు ఆ నాలుగు వాక్యాలే పలికించింది. నేను ప్రకాశరావు. నాకు మాట పడిపోయింది. హెలెన్ మేడమ్ నేర్పింది. మీరు కూడా రండి. గదిలో పదిసార్లలో తొమ్మిదిసార్లు తడబడకుండా చెప్పేవాడు.

శనివారం పొద్దున అంకయ్య ఆటోకు హారన్లు, హెలెన్ ఫోను నంబరున్న బ్యానరు కట్టాడు. ప్రకాశరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వించుకుని ఎక్కాడు. రాధాకుమారి రాలేదు. హెలెన్ ఆయన పక్కన కూర్చుని, మోకాలి మీద మెల్లగా తాళం వేస్తూ ఉంది.

మొదటి వీధిలో ఆయన గొంతు వినగానే తలుపులు తెరుచుకున్నాయి. మాట నిదానంగా, ముక్కలు ముక్కలుగా వస్తున్నా ఆ గొంతు ఆయనదే. ఒక ముసలామె పరుగున వచ్చి ఆటో కమ్మీ పట్టుకుని, “వచ్చినావా నాయనా” అని కళ్లు తుడుచుకుంది. రెండో వీధిలోనూ బాగానే జరిగింది. ఆయన మొహం వెలిగిపోతోంది. హెలెన్‌కు కూడా గుండె నిండిపోయింది. అక్కడితో ఆపి ఇంటికి పోయి ఉంటే సరిపోయేది. బస్టాండు దగ్గర జనం ఎక్కువ, అక్కడ ఒక్కసారి చెప్పిద్దామని ఆమే అంకయ్యకు చెప్పింది.

బస్టాండులో బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు. “నేను” అన్నాడు ప్రకాశరావు. తర్వాతి మాట రాలేదు. హెలెన్ తాళం వేసింది. “నేను... ప్రజలకు.” మళ్లీ మొదలుపెట్టాడు. “ప్రజలకు. ప్రజలకు, ప్రజలకు...” ఆగలేకపోయాడు. ఎంత గట్టిగా ప్రయత్నిస్తే అంత గట్టిగా అదే మాట రెండు హారన్లలో బస్టాండంతా మోగింది. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో నవ్వారు. ఎవరెవరో ఫోన్లు పైకెత్తారు. హెలెన్ మైకు స్విచ్చి ఆపేసింది. ప్రకాశరావు ఆమె వైపు తిరిగి, ఎట్లుంది అన్నట్టు చూశాడు.

“బాగుంది చిన్నాయనా,” అంది.

మరుసటి రోజు సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఎవరో దానికి డప్పుల దరువు కలిపారు. ప్రజలకు, ప్రజలకు అని ఆయన అంటుంటే దరువు పడుతుంది. గిద్దలూరు, యర్రగొండపాలెం గ్రూపుల్లోకి కూడా పోయింది. కింద నవ్వుల బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో పాపం అని పెట్టారు. ఇంకెవరో, ఆటో మీది బ్యానరులో ఉన్న నంబరు ఈ డాక్టరమ్మదే, మా నాయనకు చూపించాలి అని రాశారు. సోమవారం పొద్దున్నుంచి హెలెన్ ఫోను ఆగకుండా మోగింది.

మంగళవారం టీ బంకు దగ్గర ప్రకాశరావును చూసి తెలిసినాయన ఒకరు, ఎగతాళికి కాదు, అభిమానం కొద్దీనే, “నువ్వు ఫేమస్ అయినావన్నా” అని ఫోను చూపించాడు. ప్రకాశరావు చివరిదాకా చూశాడు. మళ్లీ పెట్టమని వేలితో చూపించాడు. రెండోసారి కళ్లు మూసుకుని విన్నాడట. టీ తాగకుండా ఇంటికి పోయాడు.

ఆ రోజు నుంచి క్లినిక్కుకు రాలేదు. హెలెన్ నాలుగు రోజులు చూసి ఇంటికి వెళ్లింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె నేల మీద కూర్చుని, “తప్పు నాది చిన్నాయనా. నిన్ను బస్టాండుకు తీసుకుపోయింది నేనే,” అంది. ఆయన ఎడమ చెయ్యి ఆమె తల మీద వేశాడు. “ఒక్క మాట అను. తిట్టు, ఫరవాలేదు.” ఆయన ఆ చెయ్యే తీసి తన నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గడప దాకా వచ్చిన రాధాకుమారి, “నీ మీద కోపం లేదమ్మా,” అంది. “నువ్వు అడిగినావు, ఆయన పోయినాడు. మొగమాటం మనిషి. ఆయన కాదనలేడని నీకు తెలుసు గదా.”

హెలెన్ తెలుసన్నట్టు తల ఊపి, గేటు తీసుకుని వెళ్లిపోయింది.

క్లినిక్కు నిండింది. దోర్నాల నుంచి, యర్రగొండపాలెం నుంచి మొదటి బస్సుకే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఎట్ల తెలిసింది అని అడగడం ఆమె మానేసినా వాళ్లే చెప్పేవాళ్లు, “వీడియో చూసి వచ్చినాం మేడమ్.” దాన్ని తీసేయమని కనబడిన చోటల్లా ఫిర్యాదు పెట్టింది. ఒక చోట పోతే ఇంకో చోట తేలేది. చుట్టుపక్కల పల్లెల్లో రోగులతో మాట్లాడించి వీడియోలు తీసి పెట్టండి, ఊరికే ప్రచారం అవుతుందని ఒక కుర్రడాక్టరు సలహా చెప్పినప్పుడు ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది.

ఒకరోజు గిద్దలూరు అవతలి పల్లె నుంచి వెంకటసుబ్బులమ్మ అనే ఆమె తన భర్తను తీసుకొచ్చింది. ఆయనకు ఏడాదిగా అసలు మాటే లేదు. “ఆ మైకాయనకు వచ్చినంత మాటొస్తే చాలమ్మా నాకు,” అంది. “ఆయన పెండ్లాం ఎంత అదృష్టమంతురాలో.”

హెలెన్ ఆ సాయంత్రమే వెళ్లి ఆ మాటలు ఉన్నదున్నట్టుగా ప్రకాశరావుకు చెప్పింది. ఆయన విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు కదిలినట్టే అయింది, మళ్లీ బిగించుకున్నాడు.

ఇప్పటికి రెండేండ్లు కావస్తోంది. ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ హెలెన్ వాళ్లింటికి వెళ్తుంది. మాట్లాడమని అడగదు. ఊళ్లో సంగతులు చెప్తుంది, ఆయన వింటాడు, టీ తాగుతారు. తలుపులు వేసుకున్నాక భార్యతో మాత్రం కొంచెం కొంచెం మాట్లాడతాడట. గేటు చప్పుడైతే ఆపేస్తాడు. మొన్న సాగనంపడానికి వచ్చి రాధాకుమారి గొంతు తగ్గించి చెప్పింది, “నిన్న కూరలో ఉప్పెక్కువైందని పూర్తిగా అన్నాడమ్మా. ఎక్కడా ఆగలేదు.”

“ఎట్ల అన్నాడు చిన్నమ్మా?”

రాధాకుమారి ఆయనలాగే నిదానంగా, సాగదీస్తూ అని చూపించింది. హెలెన్ మళ్లీ ఒకసారి అనమంది. విని, చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది.