రాణిగారి కొత్త పళ్ళు

మా మేనత్తని వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. ఆ పేరు రెండు విధాలా అతికింది. ఆవిడ చేసే పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఆవిడ సొంత పళ్ళేమో, పై వరసలో ముందు రెండూ కాస్త ఎత్తు. ఎవరు ఏ అర్థంలో పిలిచినా అత్త పలికేది. "పళ్ళు రాలగొడతాననే వాళ్ళు వీధి నిండా ఉన్నారు. కట్టిపెట్టేదాన్ని నేనొక్కదాన్నే" అనేది.

ఆవిడ పనిచేసేది పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు వెనక గదిలో. కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద స్పిరిటు దీపం, గులాబిరంగు మైనం పలకలు, సన్నటి చాకులు. గోడ అరల్లో తెల్లటి ప్లాస్టరు దవడలు వరసగా ఉండేవి. చిన్నప్పుడు వాటిని చూస్తే, అన్నీ కలిసి ఒక్కసారే ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు అనిపించేది నాకు. డాక్టరుగారు ముందు గదిలో మనిషి నోటి అచ్చు తీసి పంపితే, అత్త అందులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టేది. అవి నోట్లో సరిగ్గా కూర్చున్నాయని చూసుకున్నాక మైనం తీసేసి, గట్టి చిగుళ్ళు పోసి, మెరుగుపెట్టి ఇచ్చేది. ఎంత కడుక్కున్నా ఆవిడ గోళ్ళ సందుల్లో గులాబి పొడి ఉండనే ఉండేది.

అత్త చిన్నప్పుడు అనుకున్నది మాత్రం ఇది కాదు. నాటకాల్లో వేషాలు వేయాలనుకుంది.

మా తాత వడ్రంగి. బడి పక్క మైదానంలో ఒక నాటక కంపెనీ డేరా వేసినప్పుడు వాళ్ళకి బల్లలు చేసిచ్చింది ఆయనే. జనం ఎక్కి తొక్కి విరగ్గొట్టిన వాటిని బాగుచేయడానికి సాయంత్రం పూట వెళ్ళేవాడు, కూతుర్ని వెంటపెట్టుకుని. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆడింది ఒకటే నాటకం. శత్రువులు కోటని ముట్టడిస్తారు. రాణి కోట వదిలి రానంటుంది, చెలికత్తె రమ్మని బతిమాలుతుంది. అత్త డేరా గుంజ పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూసేది. పోనుపోను రాణి మాటలూ చెలికత్తె మాటలూ రెండూ నోటికి వచ్చేశాయి. ఇంట్లో అద్దం ముందు రెండు వేషాలూ తనే. దుప్పటి భుజాన వేసుకుంటే రాణి, నడుముకి చుట్టుకుంటే చెలికత్తె. మా నాన్న ఆవిడకి తమ్ముడు. ఆయన్ని శత్రుసైన్యంగా గుమ్మంలో నిలబెట్టేదట. సైన్యానికి మాటలు లేవని నాన్న ఇప్పటికీ సణుగుతాడు.

డేరా ఎత్తేసే రోజు అత్త ధైర్యం చేసి కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళి, నాటకం మొత్తం వచ్చు, నన్నూ తీసుకెళ్ళండి అని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసి, "నువ్వు నవ్వితే ముందు పళ్ళొస్తాయి, వెనకాల నువ్వొస్తావే పిల్లా" అన్నాడు. పెట్టెలు సర్దుతున్న వాళ్ళంతా నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని అత్త కూడా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడు నవ్వినా ఆ చెయ్యి దానంతటదే లేచేది.

పళ్ళు సరిచేయించుకుంటే ఇంకో కంపెనీ అయినా తీసుకుంటుందని అత్త ఆశ. తాతని పోరి పోరి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇప్పటి డాక్టరుగారి తండ్రి ఆయన. దవడ ఇంకా ఎదగాలి, కొన్నాళ్ళాగి రమ్మన్నాడు. ఆయన తాతకి అదంతా చెబుతుండగా, వెనక గదిలో ఒక పెద్దాయన మైనంలో పన్ను నిలబెట్టడం అత్త కంటపడింది. కాళ్ళు అటే లాక్కెళ్ళాయి. మర్నాడు బడి వదిలాక మళ్ళీ వెళ్ళింది. పెద్దాయన పొమ్మనలేదు, ఒక మైనం ముక్క చేతిలో పెట్టాడు. చదువు అయ్యాక అక్కడే పనిలో చేరింది. ఆయన చూపు మందగించాక ఆ బల్ల ముందు తనే కూర్చుంది. సొంత పళ్ళ సంగతి ఇవాళా రేపూ అనుకుంటూ ఉండగానే పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఇక దాని ఊసే లేకుండా పోయింది.

మామయ్యది ప్రింటింగు ప్రెస్సులో పని. మిషన్ల హోరుకి ఒక చెవి పూర్తిగా, రెండోది సగం పోయాయి. చిన్నప్పుడు ఏమవుదామనుకున్నావని పిల్లలం అడిగితే, "పొడుగవుదామనుకున్నాను" అనేవాడు. అత్తని అడిగితే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. నాటకం సంగతి మామయ్యకి కూడా తెలీదు.

అత్త జుట్టు నెరిసిన తర్వాత, ఒక వానాకాలంలో, నోట్లో ఒక్క పన్నూ లేని పెద్దావిడ క్లినిక్కుకి వచ్చింది. ముందు గదిలోంచి మాటలు వినబడుతున్నా అత్త పోల్చుకోలేదు. బోసినోటి మాట ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. అచ్చు తీశారు, మైనం పళ్ళు పెట్టి చూశారు, అంతా మామూలుగానే జరిగింది. తీరా కొత్త పళ్ళు పెట్టుకుని వెళ్ళేటప్పుడు, గుమ్మంలో ఆగి, "తలుపు వెయ్యకమ్మా, గొడుగు మర్చిపోయాను" అందావిడ, అక్కడ పనిచేసే అమ్మాయితో. వెనక గదిలో అత్త చేతిలో చాకు అలాగే ఉండిపోయింది. పళ్ళతో పాటు గొంతు కూడా తిరిగొచ్చింది. అది రాణి గొంతు.

పరిగెత్తుకెళ్ళి పలకరిద్దామనుకుంది. ఏమని పలకరించాలో తెలియక కూర్చుండిపోయింది. వారం తిరక్కుండా ఆవిడే మళ్ళీ వచ్చింది, "స" అన్నప్పుడల్లా ఈల వస్తోందని. డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. అమ్మాయి ఆవిడని తిన్నగా అత్త గదిలోకి తీసుకొచ్చి కుర్చీ వేసింది.

"స" ఉన్న మాట ఏదైనా చెప్పి చూపించమంది అత్త. ఏం చెప్పాలా అని ఆవిడ ఆలోచిస్తుంటే, అత్త నోట్లోంచే వచ్చేసింది.

"అమ్మగారూ, శత్రువులు కోటగుమ్మం దాకా వచ్చేశారు. సింహాసనం వదిలి రండి."

పెద్దావిడ ఎక్కడ విన్నావని గానీ, నువ్వెవరని గానీ అడగలేదు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"సింహాసనం వదలడానికి దాని మీద నేను కూర్చున్నానా? అదే నా మీద కూర్చుంది."

రెండు "స"ల దగ్గరా ఈల మోగింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

అత్త పై పళ్ళు తీసుకుని, ముందు వరస వెనకవైపు రవ్వంత అరగదీసి, కడిగి ఇచ్చింది. ఆవిడ మళ్ళీ అదే మాట చెప్పింది. ఈల తగ్గింది గానీ పోలేదు. ఇంకాస్త అరగదీసింది. ఈసారి సింహాసనం శుభ్రంగా పలికింది. రాణిగారు అక్కడితో ఆగలేదు. తర్వాతి మాట అందుకుంది, అత్త బదులు చెప్పింది, అలా మాటకి మాట తగులుకుని ఘట్టం మొత్తం నడిచింది. చివర్లో చెలికత్తె ఏడవాలి. ఆ ఏడుపు అత్తకి అడక్కుండానే వచ్చింది.

రాణిగారు ఊపిరి తీసుకుని అంది: "ఒక్క మాట పోలేదు. నేనే అక్కడా ఇక్కడా మింగేశాను. కానీ చెలికత్తె రాణి కళ్ళలోకి చూడాలమ్మా. నువ్వు మొదట్నుంచీ నా నోరే చూస్తున్నావు."

అత్త నాలుక కరుచుకుంది. "నాలుక ఎక్కడ తగులుతోందా అని చూస్తున్నానమ్మా."

అప్పుడు అంతా చెప్పింది. డేరా, దుప్పటి, మేనేజరు అన్న మాట, ఏదీ దాచలేదు. ఇంట్లో వాళ్ళకి చెప్పలేనిది ఆవిడకి చెప్పడం తేలిగ్గా ఉందట. చెప్పి, ఇన్నేళ్ళూ అడగడానికి మనిషి దొరకని ప్రశ్న అడిగింది.

"నిజం చెప్పండి. అప్పుడు నన్ను తీసుకెళ్ళి ఉంటే పనికొచ్చేదాన్నా?"

రాణిగారు అత్త కళ్ళలోకి చూసి అంది: "పళ్ళు పెద్ద విషయం కాదు. మా సేనాపతికి ఒక కన్ను కనబడేది కాదు, స్టేజి అంచు ఎక్కడుందో నేనే చెవిలో చెప్పేదాన్ని. నీ గొంతు చిన్నదమ్మా. మూడో వరస దాటదు. సాధన చేస్తే కొందరికి పెరిగింది, కొందరికి పెరగలేదు. నీకేమయ్యేదో నేను చెప్పలేను."

తర్వాత తన సంగతి చెప్పింది. వేషాలు వేయాలని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. తల్లి నటి. పిల్లకి నడక రాగానే స్టేజి ఎక్కించింది. ఆవిడకేమో బడిలో టీచరు అవ్వాలని ఉండేది. చదువు మీద మోజుతో కాదు. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు విప్పడం, మళ్ళీ కట్టడం, ఏ గోడకి అద్దం ఉందో చీకట్లో తడుముకోవడం, ఇదే బతుకు. టీచరైతే రోజూ ఒకే గదికి వెళ్ళొచ్చు. అత్త మోచేతులు ఆని నున్నబడిన బల్ల అంచుని చేత్తో రాస్తూ, "నిన్న పెట్టిన వస్తువు ఇవాళ కూడా అక్కడే ఉండే బల్ల ఒకటి. అంతే కావాలనుకున్నాను" అంది.

ఆ సాయంత్రం అత్త ఇంటికెళ్ళి వంట మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, మామయ్య ముందు కూర్చుని సంగతంతా చెప్పింది. "పళ్ళ వల్లే పోయిందని ఇన్నాళ్ళూ అద్దం మీద అలిగాను. గొంతు వల్లనే పోయేదేమో అని తెలిస్తే ఏడవాలో నవ్వాలో తెలీలేదు" అని నాతో తర్వాత అంది. మామయ్య అంతా విన్నాడు, లేచి ఫ్యాను ఆపాడు. కిటికీ మూశాడు. కుర్చీ ఆవిడ మోకాళ్ళ దాకా లాక్కుని, బాగా వినబడే చెవి ఇటు తిప్పి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

అత్త చెలికత్తె మాటలన్నీ చెప్పింది. రాణి మాటల దగ్గర ఆగి, మనసులో అనుకుని, మళ్ళీ తన మాట చెప్పింది. అయిపోయాక బాగుందా అని అడిగింది. "ఆ రాణి ఏమందో నాకు తెలీదు గానీ, నేనైతే నీతో వచ్చేసేవాణ్ణి" అన్నాడు. పొయ్యి మీద పప్పు ఆ వేళకి అడుగంటిపోయింది. ఇద్దరూ అదే తిన్నారు.

ఈల పోయినా రాణిగారు అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది. బల్లకి కుడివైపు సొరుగు ఒకటి అత్త ఖాళీ చేసి ఇచ్చింది. ఆవిడ అందులో ఒక దువ్వెన, కళ్ళజోడు గుడ్డ, గుండీల డబ్బా పెట్టుకుంది. వచ్చినప్పుడల్లా సొరుగు లాగి చూసి, మూసేసి, కుర్చీలో కూర్చునేది. పని ఉంటే అత్త పలికేది కాదు. ఆవిడకీ పలకరింపు అక్కర్లేదు.

చలికాలంలో కాలేజీ పిల్లలు హాల్లో ఏదో కొత్త నాటకం వేస్తున్నారంటే ఇద్దరూ కలిసి వెళ్ళారు. అత్త ముందు వరసలో సీట్లు పట్టింది. తెర లేచిన కాసేపటికే రాణిగారి తల ఒరిగి అత్త భుజం మీద వాలింది. ఇంకొకరి నాటకం చూస్తూ నిద్రపోవాలని కూడా ఆవిడకి ఎన్నాళ్ళుగానో ఉండి ఉంటుందనుకుంది అత్త. భుజం తిమ్మిరెక్కింది. కదిలితే లేస్తుందని, చివరి తెర పడేదాకా అలాగే కూర్చుంది. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే, తను కూర్చునే, ఒంటి చేత్తో మోకాలి మీద మెల్లగా చప్పట్లు కొట్టింది.