గోల్ఫ్ ఆటలో చెట్ల నీడలు

మా చిన్నప్పుడు... తిరుపతి ఇంట్లో, వేసవి సెలవుల్లో పొద్దున పదిన్నర కాగానే అవ్వను కుర్చీలో కూర్చోబెట్టే పని మొదలయ్యేది. నాయన ఒక చంక కింద, అమ్మ ఇంకో చంక కింద చెయ్యి వేసి లేపేవాళ్లు. కుర్చీ కదలకుండా వెనక పట్టుకోవడం నా పని. అప్పుడు నాకు పదమూడేళ్లు.

అవ్వ అంటే మా నాయన తల్లి. వడమాలపేట దగ్గర మా శెనక్కాయల చేని గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. రోజూ ఒక గంటైనా కూర్చోవాలి, తర్వాత కర్ర పట్టుకుని నడవాలి, లేకపోతే ఇక మంచమే అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అవ్వకేమో భయం. ఐదు నిమిషాలకే "పండుకోబెట్టండి నాయనా, నా వల్ల కాదు" అనేది.

ఆ రోజుల్లో మా చిన్నాయన పెళ్లిపత్రికలు తయారుచేయడానికి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకున్నాడు. పొద్దుటిపూట ప్రెస్సు పని మీద బయట తిరిగేవాడు కాబట్టి అప్పుడది నాది. అందులో ఒక గోల్ఫ్ ఆట ఉండేది. తెర మీద వెలుగు పడకుండా కిటికీకి దుప్పటి కట్టి, తలుపు మూసి ఆడేదాన్ని. ఒకరోజు అవ్వ కుర్చీని కూడా అక్కడికే జరిపాం.

"ఎవురిది అమ్మీ ఈ నేల? ఇంత సదును చేసి, ఇన్ని నీళ్లు కట్టి, ఒక్క గింజన్నా ఎయ్యలేదే!"

"బంతాట ఆడేదానికి అవ్వా."

"దానికి ఇంత నేలా? మతి ఉండాదా వాళ్లకి?"

తిడుతూనే పావుగంట కూర్చుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు సందులోంచి తొంగిచూసి, ఆపకుండా ఆడు అన్నట్టు నాకు సైగ చేసింది. అమ్మ నన్ను ఆడమనడం అదే మొదటిసారి...

చిక్కేమిటంటే, మా కంప్యూటర్ పాతది. బంతిని కొడితే గాల్లో ఆగేది, కొంచెం కదిలేది, మళ్లీ ఆగేది. అది కింద పడేలోపు అవ్వకు కునుకు పట్టేది. తల వాలిందంటే ఇక మంచమే. వేగం రావాలంటే గ్రాఫిక్స్ తగ్గించాలని చిన్నాయన చెప్పాడు. ఆటలోనే దానికో పట్టీ ఉంది. చెట్ల ఆకులు, గడ్డి, నీళ్లలో ప్రతిబింబం, మబ్బులు, చుట్టూ నిలబడి చూసే జనం, నీడలు... ఒక్కోటి ఎంత వివరంగా కనబడాలో మనమే మార్చుకోవచ్చు.

నేను అన్నిటినీ ఒకేసారి తగ్గించేశాను. ఆట పరుగెత్తింది. అవ్వ రెండు నిమిషాలు చూసి ముఖం తిప్పుకుంది.

"ఏముండాది ఈడ సూసేదానికి? నన్ను మంచం మీదికి చేర్చండి."

మరుసటి రోజు కూర్చోనే కూర్చోనంది. నాయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆటలో అన్నీ మళ్లీ మునుపటిలాగా పెట్టి, అవ్వను బతిమాలి తీసుకొచ్చి, ఒక రూళ్ల నోటుపుస్తకం తెరిచాను. రోజుకు ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు. ఈ పక్క ఏం మార్చానో, ఆ పక్క అవ్వ ఎన్ని నిమిషాలు కూర్చుందో రాయాలి. ఇప్పటికీ సాంబారు పొడి కొలత సరిచూసుకోవాలన్నా నా పద్ధతి అదే.

జనాన్ని తీసేస్తే, "పీడా పోయింది, పనీపాటా లేనోళ్లు" అంది. పద్దెనిమిది నిమిషాలు. మబ్బులు తీస్తే గమనించనే లేదు. ఇరవై రెండు. నీడలు తీసిన రోజు మాత్రం కుర్చీలో ఒకటే కదలడం.

"పొద్దు యాడుండాదో తెలీలేదే అమ్మీ... చెట్టన్నాక నీడ లేకుంటే ఎట్ల?"

అప్పుడు అర్థమైంది. అవ్వ గడియారం చూసిన మనిషి కాదు. జీవితమంతా చేలో చెట్టు నీడను చూసే సద్దికి కూర్చుంది, నీడను చూసే ఇంటిదారి పట్టింది. నా బంతి ఎటు పోయినా ఆమెకు పట్టదు...

మా మెషీనుకు అన్నిటికంటే బరువు ఆ నీడలే. అయినా వాటిని పూర్తిగా ఉంచి, మిగతావన్నీ ఒక్కో మెట్టు దించుకుంటూ పోయాను. గడ్డి పచ్చ చాపలాగా, ఆకులు ముద్దల్లాగా అయ్యాయి. తెర మీద బొమ్మ కూడా చిన్నదైంది. ఆట సాఫీగా నడిచింది. అవ్వ నలభై నిమిషాలు కూర్చుంది, కొన్నాళ్లకు గంట. కాళ్లలో బలం వచ్చిందని డాక్టరు కూడా అన్నాడు. కానీ ఒంటరిగా నిలబడమంటే మాత్రం వణికిపోయేది.

ఆ ఆట ఏ వేళలో జరగాలో కూడా ఎంచుకోవచ్చు. రోజూ ఉదయం పెట్టేదాన్ని. ఒకరోజు ఊరికే సాయంత్రం పెట్టాను. చెట్ల నీడలు పొడుగ్గా సాగి తెరంతా పరుచుకున్నాయి. నేను బంతి గురి చూసుకుంటున్నాను.

"అయ్యో, పొద్దు గుంకతా ఉండాదే! మిద్దె మింద వడియాలు ఎవురూ ఎత్తినట్టు లేదే!"

తిరిగి చూసేసరికి అవ్వ బల్ల అంచు పట్టుకుని లేచేసింది. గోడకు ఆనించిన కర్ర అందుకుంది. ఒక అడుగు... రెండు... మూడు. పిలిస్తే పడిపోతుందేమోనని నేను నోరు మెదపలేదు. తలుపు లాగింది. పదకొండున్నర ఎండ మొహాన కొట్టింది.

వసారాలో అమ్మ చేతిలో చేట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అత్తా! ఒక్కరే నడిచి వచ్చినారా?"

"నువ్వు వడియాలు ఎత్తకుంటే నేనే కదమ్మే రావాల!" అంటూనే అవ్వ ఆగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మెల్లగా నావైపు తిరిగింది.

"పొద్దుని కూడా తిప్పేసినావా దొంగదానా!"

నాయన రాగానే, "నీ కూతురు నన్ను మోసం చేసి నడిపించింది రా" అని ఆమే చెప్పింది. ఆ మరునాటి నుంచి అవ్వను లేపడానికి ఎవరూ వెళ్లలేదు. తనే కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేది.

ఇప్పుడు ఫోనులో ఏ ఆట పెట్టినా, ఏది ఎంత కనబడాలో దానంతట అదే సర్దుకుంటుంది. సుఖంగానే ఉంది... కానీ పక్కన కూర్చున్న మనిషి కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కనిపెట్టే పని మనకు లేకుండా పోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, మీరు పట్టించుకోనిది ఏం చూశారు? రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.