మా వీధికి ఘటం రావాలి

బర్మాలో, పజుండౌంగ్ కాలువ పక్కన మా వీధిని నిలబెట్టింది మావాళ్లే అంటే ఇప్పుడు నవ్వుతారు. ఓడ దిగిన ముత్తాతలు బియ్యం మిల్లుల్లో బస్తాలు మోస్తూ, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చెక్క బారకాసుల వరస గదుల్లో కాపురాలు పెట్టారు. యుద్ధంలో బాంబులకు భయపడి సగంమంది నడిచి సొంతూళ్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాత సర్కారు లాక్కోగా కొట్లు పోయినవాళ్లు ఓడలెక్కారు. బారకాసులు కూలి మేడలు లేచాయి. చివరికి మిగిలినవి మూడు తెలుగు గడపలు, నా నోరు.

ఏటా అమ్మవారి ఘటం మా వీధిలోంచే కాలువకు వెళ్తుంది. దానికో నియమం ఉంది. ఘటం ఎత్తినామె కాళ్ల మీద ప్రతి గడపా పసుపునీళ్లు పోయాలి. నీళ్లు పోయని గడప దాటి ఘటం కదలదు, అక్కణ్ణుంచే వెనక్కి తిరగాలి. ఒక్కసారి తిరిగిందా, ఆ వీధిని ఊరేగింపు దారిలోంచి తీసేసినట్టే.

ఇన్నాళ్లూ మా మూడిళ్ల ఆడవాళ్లమే బిందెలతో పరుగెత్తి అందరి గడపల ముందూ పోసేవాళ్లం. ఈసారి గుడిపెద్ద కస్సుమన్నాడు.

"మీరే అన్ని గడపలకీ పోసేత్తే అది వీది మొక్కేటి? ఎవల గడప ఆలే పొయ్యాల. నేదంటే ఈ వీది వదిలేద్దుం."

నాకు ఒళ్లు మండింది. మోకాళ్లు అరిగి, ఈ ఏడు ఘటాన్ని నాకప్పగించిన అమ్మ మాత్రం నిమ్మళంగా అడిగింది.

"బర్మావోల్లు పోత్తే సెల్లదేటి?"

"మనోల్లు కాదు గదమ్మా."

"అమ్మోరు కులమడిగితే ముందు మనకే నీల్లు పుట్టవు."

అయితే మీరే పిలుచుకోండని ఆయన లేచిపోయాడు. నేను మేడలన్నీ ఎక్కి దిగి, ప్రతి తలుపూ తట్టి పిలిచాను. అందరూ నవ్వి తలూపారు. బర్మా మర్యాద అవుననీ అనదు, కాదనీ అనదు.

మర్నాడు ఎండలో ఘటం నెత్తిన పెట్టుకుని మొదటి గడప ముందు నిలబడ్డాను. సెల్‌ఫోన్ల కొట్టు అది. షట్టర్ సగం దించి ఉంది. డప్పులు ఆగిపోయాయి. మెడనరాలు లాగేస్తున్నాయి, భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. గుడిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు ఆ మేడమీంచి ఒక బర్మా ముసలావిడ వెండిగిన్నె రెండు చేతులా పట్టుకుని దిగింది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, వంగి నా కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది.

"చిన్నప్పట్నుంచీ పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఇన్నాళ్లకి పిలిచావు," అంది బర్మా భాషలో.

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ వెనకే కొట్టతను షట్టరెత్తి, నీళ్లసీసా మూత తిప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇక ఎక్కడైనా ఆగితే ఒట్టు! సామాన్లు చేదుకోవడానికి మా మేడలకు తాళ్లు వేలాడుతుంటాయి. వాటికి కట్టిన చిన్న బకెట్లు పైఅంతస్తుల నుంచి ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాటిలో పసుపు కలపలేక మావాళ్ల చేతులు పడిపోయాయి. బుగ్గలకు తనాఖా గంధం రాసుకున్న పిల్లలైతే బర్మావాళ్ల కొత్తేడాది నీళ్లపండగే వచ్చేసిందనుకుని నా నెత్తిన కుమ్మరించబోయారు. డప్పులవాళ్లు అడ్డుపడ్డారు.

కాలువగట్టు చేరేసరికి నా చీర మోకాళ్లదాకా తడిసి ముద్దయింది. గర్వంగా ఉంది, దాచుకోను. వెనక్కి తిరిగి గుడిపెద్దను కేకేశాను.

"తాతా! ఎండిన గడపొకటి సూపించు!"

ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వీధి పొడవునా నిజంగానే వెతికాడు. తర్వాత డప్పులవాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

"ఏటలా సూత్తన్నారు? కొట్టండి!"