తవుడు నూనె, నాయన కాళ్లు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పొద్దున బస్సులో నేనూ నాయనా కలిసే పోతాం. ఆయన తవుడు నూనె తీసే మిల్లుకు, నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి. ఒక వేసవిలో నంద్యాల బస్టాండులో దిగి నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి కండక్టర్ కేకేశాడు.

“ఓ పెద్దాయనా, చెప్పు ఈడనే ఇడిసిపెట్టి పోతాండావ్!”

నాయన కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు లేదు. అప్పటికే కాలుతున్న సిమెంటు మీద నిలబడి కూడా ఆయనకు తెలియలేదు. నవ్వుకుంటూ వెళ్లి చెప్పు తొడుక్కున్నాడు. నాకు మాత్రం భయం వేసింది. ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

తవుడులోని నూనెను పూర్తిగా లాగాలంటే హెక్సేన్ అనే ద్రావకం పోయాలి. పెట్రోలుకు దగ్గరి చుట్టం అది. మిల్లులో అందరూ సాల్వెంటు అంటారు. గ్రీజు సబ్బుకు లొంగదని, షిఫ్టు దిగేముందు దాంతోనే కాళ్లూ చేతులూ కడుక్కోవడం అక్కడి అలవాటు. చల్లగా ఉంటుంది, ఇట్టే ఆరిపోతుంది, మరక మిగలదు. నాయన ఇరవై ఏళ్లకు పైగా అలాగే కడుక్కున్నాడు. ఆ గాలి పీల్చడం, ఆ కడుక్కోవడం రెండూ కలిసి నరాలను తినేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. దూరంగా ఉంటే ఇంతటితో ఆగవచ్చు, లేకపోతే నడకే పోవచ్చు అన్నాడు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నాకు ఈ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మిల్లు మానుకోమన్నాను.

“మానుకొని యాడికి పోవల్ల? నేను ల్యాకుంటే ఆడ ఇంగొకడు నిలబడతాడు. వానికి కాళ్లు ల్యావా?” అన్నాడు నాయన.

అందుకే పరిశోధన మొదలుపెట్టాను. హెక్సేన్ జోలికి పోకుండా, నీళ్లతో, ఎంజైములతో తవుడు నుంచి నూనె తీయడం. విషమే అక్కర్లేకుండా పని జరిగే దారి వెతకడాన్ని హరిత రసాయనశాస్త్రం అంటారు. అమ్మ దీన్ని కూడా తన ప్రార్థనలో కలిపింది. ఆదివారం చర్చిలో అందరూ వింటుండగా “ఆ ఎంజైములను దీవించు ప్రభువా” అంది. నేను తల వంచుకొని నవ్వు ఆపుకున్నాను.

నూనె వచ్చింది. నిజంగానే వచ్చింది. బీకరులో చెంచాడు నూనె తేలిన రోజు కనిపించిన వాళ్లందరికీ టీ ఇప్పించాను. కొంత నూనె మీగడలాంటి పొరలో చిక్కుకొని దిగి రాలేదు గానీ, అది తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. సీసా పట్టుకొని మిల్లు యజమాని దగ్గరికి వెళ్లాను.

మంచి మనిషే. సీసా ఎత్తి వెలుతురులో చూశాడు.

“బాగుండాది మ్మా. తడిసిన తవుడు యాడ ఆరబెట్టల్ల?”

“డ్రయ్యర్ పెట్టుకోవచ్చన్నా.”

“దినామూ లారీలు లారీలు వస్తాది. తడి తవుడు సాయంత్రానికే కంపు గొడతాది. దాన్ని ఆరబెట్టేకి బాయిలర్లో ఎంత వడ్లపొట్టు కాల్చల్ల? ఆ పొగంతా యాడికి పోవల్ల?”

నేను ఓవెన్‌లో పిడికెడు తవుడు ఆరబెట్టినదాన్ని. లారీ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, అదంతా నా మీదికే తిరిగింది. ఆయన ఒక్క మాట మాత్రం ఒప్పుకున్నాడు. సాల్వెంటుతో కడుక్కోరాదని బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు కిందనే నిలబడి నాయన కాళ్లు కడుక్కుంటున్నాడని తోటి పనివాడొకరు నాకు చెప్పాడు. అడిగితే “అలవాటు మ్మా” అన్నాడు నాయన, అంతే.

మళ్లీ ల్యాబుకు పోయాను. నా పద్ధతిలో తీశాక తవుడులో ఇంకా ఎంత నూనె మిగిలిందో తేల్చాలి కదా. అందుకు మా దగ్గరున్న పరీక్ష ఒక్కటే. ఆ తవుడును గంటల తరబడి మరిగే హెక్సేన్‌తో కడగాలి. అది వద్దనే పరిశోధనకు అదే సాక్ష్యం చెప్పాలి. వేరే దారి లేక సీసాల కొద్దీ తెప్పించాను. గాలి సరిగ్గా ఆడని మా ల్యాబులో రోజూ దాని పక్కనే కూర్చున్నాను.

ఒక సాయంత్రం ఫ్లాస్కులు కడిగేసి ఆదరాబాదరాగా బస్సెక్కాను. పక్కన కూర్చున్న నాయన ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది మా సాల్వెంటు గదా. నీకు యాడ తగులుకున్యాది?”

చెప్పాను. అంతా చెప్పాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. బస్సు ఊరు దాటాక అన్నాడు.

“నాకైతే సదువు ల్యాకపాయ. నీకేమొచ్చిండాది మ్మా?”